జబ్బు తగ్గాక ఎలా బతకాలి

కూర్చుని వినే ఉద్యోగం

క్లినికల్ సైకాలజిస్టు పని అంటే ముఖ్యంగా కుర్చీలో కూర్చుని వినడం. చదువుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పుస్తకాల్లో మెదడు బొమ్మలుంటాయి, జబ్బుల పేర్లుంటాయి. ఉద్యోగంలో చేరాక ఎదురుగా ఒక మనిషి కూర్చుంటాడు. పక్కన ఆయన బావమరిది కూర్చుని, రోగి చెప్పాల్సిందంతా తనే చెప్పేస్తుంటాడు. ముందు ఆ బావమరిదిని మర్యాదగా బయటికి పంపడం నేర్చుకోవాలి. తతిమ్మా చదువంతా ఆ తర్వాతే పనికొస్తుంది.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లో అందరూ దాన్ని నరాల ఆసుపత్రి అనేవాళ్లు. మనసు బాగాలేదంటే పిచ్చి అనుకుంటారని, నరాల బలహీనత అని చెప్పుకుంటే ఇంట్లో పెళ్లి సంబంధాలకు అడ్డు రాదని జనం పెట్టుకున్న పేరది. సోమవారం బాపట్లలో, గురువారం రేపల్లెలో మాకు చిన్న క్లినిక్కులు ఉండేవి. బాపట్లలో మందుల షాపు మీద ఒక గది. రేపల్లెలో స్టేషనుకు దగ్గరగా ఒక పాత ఇంటి వరండా, దానికి అడ్డంగా కట్టిన పచ్చ తెర. రేపల్లెకు పాసింజరు రైల్లో వెళ్లి, సాయంత్రం మళ్లీ పాసింజరులోనే తిరిగి వచ్చేదాన్ని.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవం చెప్పండి" అంటారు. ఉద్యోగంలో నేను ఎప్పుడు ఏ హోదాకి వెళ్లానో నాకు సరిగా గుర్తు కూడా లేదు. బాగా గుర్తున్నది వేరే ఉంది. రెండు వేల సంవత్సరం తర్వాతి ఏళ్లలో మా వృత్తిలోకి ఒక కొత్త ఆలోచన వచ్చింది. అది మా చిన్న ఊళ్ల దాకా ఎలా వచ్చిందో, వచ్చి ఎవరి జీవితంలో ఏం చేసిందో రాస్తాను. మనుషుల పేర్లు మార్చాను.

మా డాక్టరుగారు

మా ఆసుపత్రి పెద్ద డాక్టర్ సత్యనారాయణగారు. మంచి పొడగరి. రోగి కూర్చునేదాకా తాను కూర్చునేవారు కారు. ఆయన ప్రతి రోగినీ మూడు ప్రశ్నలు అడిగేవారు. "నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా? పని చేసుకుంటున్నావా?" మూడింటికీ అవునని వస్తే, "వెళ్లిరా నాయనా, నీకు తగ్గింది" అని భుజం తట్టి పంపేవారు.

వినడానికి మోటుగా ఉంటుంది కానీ, ఆయన చేతి కింద ఎందరు బాగుపడ్డారో నా కళ్లతో చూశాను. పశువుల కొట్టంలో గొలుసుతో కట్టేసి ఉంచిన మనుషుల్ని మంచం మీద మోసుకొచ్చేవాళ్లు. ఆ మనుషులే కొన్నాళ్లకు తమ చెప్పులు తాము వేసుకుని, రిక్షా బేరమాడుకుని వెళ్లేవాళ్లు. మందుల్ని తక్కువ చేసి మాట్లాడే కౌన్సెలర్ని ఇప్పటికీ నేను నమ్మను. కొత్తగా వచ్చే పిల్లలు ముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

నాకు నేర్పిన చదువు కూడా ఆయన ప్రశ్నల వంటిదే. మనిషిలో ఏది చెడిందో వెతకాలి, పేరు పెట్టాలి, సరిచెయ్యాలి. చెడనిదాని గురించి మేము ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లం కాదు.

విశాఖలో విన్నది

ఆ రోజుల్లో విశాఖపట్నంలో మా వృత్తివాళ్ల సభ ఒకటి జరిగింది. వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక సగం మంది కునుకు తీస్తున్న వేళ, ఒక పెద్ద ప్రొఫెసరుగారు లేచి పాజిటివ్ సైకాలజీ అనే కొత్త శాఖ ఎలా పుట్టిందో చెప్పారు. నాకు నిద్ర ఎగిరిపోయింది.

ఆయన చెప్పిందిది. అమెరికాలో మనస్తత్వవేత్తల పెద్ద సంఘానికి ఒకాయన అధ్యక్షుడయ్యాడు. ఆయన చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్నది నిస్సహాయత మీద చేసిన పరిశోధనతో. తప్పించుకోలేని బాధ పదేపదే కలిగితే, తర్వాత దారి తెరిచి ఉన్నా జంతువు కదలదు, అక్కడే పడి ఉంటుంది అని కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అయితే అన్ని కుక్కలూ అలా పడి ఉండలేదట. కొన్ని ఎంత బాధ పెట్టినా ఆశ వదల్లేదు. ఇవెందుకు లొంగలేదు అన్న ప్రశ్న ఆయన్ని చాలా ఏళ్లు వెంటాడింది. అధ్యక్షుడయ్యాక తన వృత్తివాళ్లందరి ముందూ ఆ ప్రశ్నే పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మనమంతా దెబ్బతిన్న మనసులకు కట్లు కట్టడంలో మునిగిపోయాం, మంచిదే, కానీ మనిషి బాగా బతకడం అంటే ఏమిటో చదవడం మానేశాం అన్నాడు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మరో పెద్దమనిషి ఈ పేరు వాడాడుగానీ, అప్పుడు ఎవరికీ పట్టలేదట.

ఆయనకు తోడుగా నిలిచిన ఇంకో పండితుడిది యూరప్. చిన్నప్పుడు యుద్ధం చూసినవాడు. ఇళ్లూ ఉద్యోగాలూ పోయాక పెద్దవాళ్లు చాలామంది కుప్పకూలిపోతే, ఏ కొద్దిమందో ఎలా నిలబడ్డారా అని ఆ పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. పెద్దయ్యాక చిత్రకారుల్నీ, ఆటగాళ్లనీ, పనివాళ్లనీ గమనించాడు. ఇష్టమైన పనిలో మునిగినవాడికి ఆకలీ టైమూ తెలియవు, ఆ మునక మనిషిని నిలబెడుతుంది అన్నాడు.

చివర్న ప్రొఫెసరుగారు ఒక మాట చెప్పారు. "సుఖంగా ఉండటం వేరు, బాగా బతకడం వేరు అని గ్రీకులు ఏనాడో అనుకున్నారు. మనవాళ్లు నాలుగు పురుషార్థాలన్నారు. కొత్తగా వచ్చిందల్లా, దీన్ని శాస్త్రంలాగా పరీక్షించి చూద్దామన్న పట్టుదల."

తెనాలి వచ్చి మా డాక్టరుగారికి ఉత్సాహంగా ఇదంతా చెప్పాను. ఆయన నవ్వారు.

"జబ్బున్నోళ్లకే మనం చాలట్లేదు కదమ్మా పద్మజా. జబ్బు లేనోళ్లని కూడా పిలుచుకొచ్చి కూర్చోపెడతానంటావేంటి?"



మస్తాన్ మేస్టారు

మస్తాన్‌గారిది రేపల్లె. పౌరాణిక పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ సమాజం నాటకం వేసినా ముందు ఆయన తేదీలు అడిగి, ఆ తర్వాతే మిగతా ఏర్పాట్లు చూసుకునేవాళ్లట. అందరికీ ఆయన మేస్టారు. పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్లు వంగకుండా పోయాయి. నడక వచ్చింది, మాట వచ్చింది, వేళ్లు మాత్రం రాలేదు. ఆ తర్వాత తిండి మానేశారు, మాట మానేశారు. భార్య నూర్జహాన్ ఆయన్ని మా ఆసుపత్రికి తీసుకొచ్చేనాటికి గోడవైపు తిరిగి పడుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యడం లేదు.

మందులు బాగా పనిచేశాయి. కొన్ని వారాల్లో నిద్ర కుదిరింది, ఒంటికి కాస్త కండ పట్టింది. డాక్టరుగారు మూడు ప్రశ్నలూ అడిగారు. మస్తాన్‌గారు మూడింటికీ "అవునండి" అన్నారు. మూడోదానికి నూర్జహాన్ కూడా వంత పాడింది. "కూరగాయలు తెస్తున్నారండి, నీళ్లు పడుతున్నారండి."

వెళ్లిపోతూ ఆయన నా గది గుమ్మం దగ్గర ఆగారు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. పొద్దున్నే మెలకువ వస్తోంది. లేచి ఏం చెయ్యాలండి?"

ఏదో అన్నాను, నెమ్మదిగా అన్నీ కుదురుకుంటాయని. ఆయన తలూపి వెళ్లిపోయారు. ఈ మాట డాక్టరుగారికి చెబితే, "అది జబ్బు కాదమ్మా, జీవితం. దానికి మన దగ్గర మందు లేదు" అన్నారు. ఆ మాటలో వెటకారం ఏమీ లేదు. నిజంగానే అలా నమ్మారు.

ఒక గురువారం రేపల్లె వరండాలో నేను ఇంకా కుర్చీలో కూర్చోకముందే నూర్జహాన్ తెర తోసుకుని లోపలికి వచ్చింది. చెప్పులు విడవడం కూడా మర్చిపోయింది.

"అమ్మా, ఆయన మొన్న పెనుమూడి వెళ్లారు. వంతెన మీదికి."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మస్తాన్‌గారు బస్సెక్కి పెనుమూడి వెళ్లి, కృష్ణ మీద కొత్తగా కట్టిన వంతెన మధ్యదాకా నడిచి, అక్కడే నిలబడిపోయారట. సైకిలు మీద అటుగా పోతున్న సోడాలాయన గుర్తుపట్టాడు. "మేస్టారూ, మీరిక్కడేంటండి? రండి, ఎండగా ఉంది" అని చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చి, సోడా కొట్టి ఇచ్చి, నూర్జహాన్ వచ్చేదాకా పక్కనుంచి కదల్లేదట.

"ఎందుకెళ్లారని అడిగావా?"

"అడిగానమ్మా. గాలి కోసం అన్నారు. ఆ మొహం చూస్తే నాకు తెలీదా?"

ఆ సాయంత్రం నేనూ నూర్జహాన్ కలిసి మస్తాన్‌గారిని తెనాలి తీసుకొచ్చాం. డాక్టరుగారు మళ్లీ చేర్చుకున్నారు, మందు మార్చారు, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని నూర్జహాన్‌కి చెప్పారు. అంతా అయ్యాక తన గదిలో చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"తిన్నాడు. పడుకున్నాడు. తన కాళ్ల మీద తను నడిచి వంతెన దాకా వెళ్లాడు. అక్కడికెళ్లి నేనడిగినా నా మూడు ప్రశ్నలకీ అవుననే చెబుతాడమ్మా" అన్నారు. "ఆ విశాఖ ప్రొఫెసరుగారు చెప్పిందేంటో మళ్లీ చెప్పు. ఈసారి వింటాను" అన్నారు.

నా వృత్తి జీవితంలో ఒక పై అధికారి నోట నేను విన్న గొప్ప మాట అదే. తన పద్ధతి చాలదని ఒప్పుకోవడానికి ఆయనకు ఒక్క సాయంత్రం పట్టింది. చాలామందికి జీవితకాలం చాలదు.

మూడు మంచి సంగతులు

కొత్త శాఖవాళ్లు చెప్పిన అభ్యాసాల్లో అన్నిటికన్నా తేలికైనది ఒకటుంది. రోజు ముగిసేలోగా ఆ రోజు జరిగిన మంచి సంగతులు మూడు తలుచుకోవాలి, అవి ఎందుకు జరిగాయో ఆలోచించాలి. మస్తాన్‌గారికి కాస్త కుదురు చిక్కాక ఇది చెప్పాను. మర్నాడు అడిగాను.

"చెప్పండి మేస్టారూ, నిన్న మంచివి ఏం జరిగాయి?"

"బస్సు వచ్చిందండి."

"రెండోది?"

"బస్సు వెళ్లిందండి."

"మూడోది?"

"ఇంకో బస్సు వచ్చిందండి."

ఆయన మంచం పక్కనున్న కిటికీ బస్సుల రోడ్డు మీదికి ఉండేది. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

తమాషా ఏమిటంటే, పక్కన కూర్చుని విన్న నూర్జహాన్‌కి ఆ అభ్యాసం పట్టుబడింది. రాత్రి ఇషా నమాజు అయ్యాక మూడు మంచి సంగతులు తలుచుకుని అల్లాకి షుక్రియా చెప్పుకునేదట. "ఇది మాకు కొత్తేం కాదమ్మా, మా నానీ, అదే మా అమ్మమ్మ, చేసేది. నేనే వదిలేశాను" అంది. ఆమె ముఖంలో కళ వచ్చింది. ఆసుపత్రిలో భర్త పక్కన పడి ఉన్న మనిషి నెమ్మదిగా మిగతా రోగుల ఆడవాళ్లతో కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. నేను వైద్యం చేద్దామనుకున్న మనిషి ఒకరు, కుదుటపడిన మనిషి ఇంకొకరు. మా పనిలో ఇలా తరచూ జరుగుతుంది. ఒకే చెప్పు అందరి కాలికీ పట్టదు.

బాపట్లలో నవ్వు పాఠం

ఆ రోజుల్లోనే ఊరూరా వ్యక్తిత్వ వికాసం క్లాసులు పుట్టుకొచ్చాయి. సూటూ బూటూ వేసుకున్న ఒకాయన బాపట్లలో కళ్యాణ మండపం అద్దెకు తీసుకుని, మైకు పట్టుకుని, అందరిచేతా చేతులెత్తించి నవ్వించేవాడు. మంచి ఆలోచిస్తే మంచే జరుగుతుంది, చెడు ఆలోచిస్తే చెడే జరుగుతుంది అన్నది ఆయన పాఠం. పాజిటివ్ అనే మాట ఉంది కదా, నేను విశాఖలో విన్నదీ ఇదీ ఒకటేనని చదువుకున్నవాళ్లు కూడా అనుకునేవాళ్లు.

ఒక సోమవారం బాపట్ల గదికి కుమారి అనే స్కూలు టీచరు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త జ్వరంతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. నిద్ర లేదు. తోటి టీచర్లు మంచికేనని ఆమెను ఆ క్లాసుకు తీసుకెళ్లారు. కూర్చోగానే నన్ను అడిగింది.

"మేడమ్, ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను చెడే ఆలోచించానండి. ఏమైపోతారో, ఏమైపోతారో అనుకుంటూనే ఉన్నాను. అంటే నా వల్లే పోయారా అండి?"

 మంచి మాటలు చెబుతున్నాననుకుని ఒక మనిషి ఇంకో మనిషి గుండెల్లో ఇంత పెద్ద బండ పెట్టొచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆమె అనుకున్న దానికీ ఆ జ్వరానికీ ఏ సంబంధమూ లేదని ఆ రోజు చాలాసేపు చెప్పాను. బయటికి వెళ్లేముందు, "మరి ఎప్పటికి నవ్వాలండి నేను?" అని అడిగింది, గడువు చెబితే ఆ లోపల చేసేస్తానన్నట్టు.

సాయంత్రం డాక్టరుగారికి చెప్పాను. నాలో కొత్త చదువు పొంగుతున్న రోజులు. ఆమెకు ఏ అభ్యాసం ఇద్దాం, ఏది ముందు మొదలుపెడదాం అని అడిగాను.

"ఏదీ ఇవ్వకమ్మా. ఏడవనివ్వు" అన్నారాయన. "మొగుడు పోతే ఏడవడం జబ్బు కాదు. దాన్ని జబ్బు చేసింది ఆ మైకాయన. నువ్వు ఎదురుగా కూర్చో, అంతే. నిద్రకి నేను కొన్నాళ్లు చిన్న మాత్ర రాస్తాను."

అలాగే చేశాను. ప్రతి సోమవారం కుమారి వచ్చేది, భర్త గురించి చెప్పేది, ఏడ్చేది. ఆయనకు వంకాయ పడేది కాదని, సూర్యలంక సముద్రానికి వెళ్తే నీళ్లలోకి దిగకుండా ఒడ్డునే కూర్చునేవాడని చెప్పేది. కొన్ని నెలలకు ఏడుపు మధ్యలో ఆయన తమాషాలు తలుచుకుని తనంతట తనే నవ్వడం మొదలైంది. నేను ఆ నవ్వు గురించి ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు రావడం మానేసింది. స్కూల్లో పిల్లలచేత వార్షికోత్సవం చేయిస్తోందని, తీరిక లేదని ఆమె తోటి టీచరు వచ్చి చెప్పింది.

సంతోషాన్ని విధిగా మార్చి మనిషి నెత్తిన పెట్టకూడదు. దుఃఖానికి చోటివ్వని మంచి జీవితం ఎవరి జీవితమూ కాదు. ఈ ముక్క నాకు విశాఖలో ఎవరూ చెప్పలేదు. కొత్త చదువును నమ్మని మా డాక్టరుగారి దగ్గరే నేర్చుకున్నాను.

దుగ్గిరాల నుంచి వచ్చినాయన

వెంకట్రామయ్యగారిది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు పండించి, తర్వాత పసుపు వ్యాపారంలోకి దిగి బాగా నిలదొక్కుకున్న రైతు. కొడుకులు పక్కనే ఉంటూ వ్యాపారం చూసుకుంటున్నారు. ఆయనకు చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు. బీపీ లేదు, షుగరు లేదు.

"ఏంటండి మీ ఇబ్బంది?" అని అడిగాను.

"ఏమీ లేదమ్మా. అదే ఇబ్బంది" అన్నాడాయన. "కోడళ్లు చేతికి కాఫీ ఇస్తారు. పేపరు చదువుతాను. అది అయిపోద్ది. తర్వాత ఇంక పొద్దు పోదు."

ఇంతకుముందైతే డాక్టరుగారు బలానికి మాత్రలు రాసి పంపేవారు. ఇప్పుడు నా గదికి పంపారు. ఏ పనిలో ఉంటే మీకు టైము తెలిసేది కాదని అడిగాను. ఆయన సిగ్గుపడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడట, పద్యాలు పాడేవాడట. వ్యాపారం పెరిగాక వేషాలు మానేశాడు.

అప్పటికి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో శుక్రవారం సాయంత్రాలు కోలుకున్నవాళ్లని కూర్చోబెడుతున్నాను. ఉపన్యాసాలు పెట్టలేదు. ఒకరు కుట్టుపని తెచ్చుకునేవారు, ఒకరు మొక్కలకు పాదులు చేసేవారు. మస్తాన్‌గారిని ఇంటికి పంపించాక కూడా నూర్జహాన్ ప్రతి శుక్రవారం రైల్లో తీసుకొచ్చేది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, టీ తాగి వెళ్లిపోయేవారు.

వెంకట్రామయ్యగారు వచ్చిన శుక్రవారం అందరూ బలవంతపెడితే ఆయన లేచి, కండువా సర్దుకుని, ఒక పద్యం ఎత్తుకున్నాడు. గొంతు పెద్దదే. పద్యం చివర రాగం తీస్తూ తీస్తూ పైకి వెళ్లాడు. అందరూ చప్పట్లకు సిద్ధమవుతున్నారు.

"ఆపండి!"

కిటికీ దగ్గర్నుంచి వచ్చింది ఆ కేక. మస్తాన్‌గారు లేచి నిలబడ్డారు. మొహం ఎర్రబడింది.

"ఏంటండీ ఆ రాగం? మోహనలో మొదలెట్టి ఎక్కడికి పోతున్నారు? శ్రుతి ఒక దారిన, మీరొక దారిన. పద్యాన్ని అలా చంపుతారేంటండి?"

 నేను నూర్జహాన్ వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కళ్లనిండా నీళ్లు.

"అరిచారమ్మా" అంది నాతో గుసగుసగా. "ఎన్నాళ్లకి అరిచారో చూశారా?"

దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డులో వెంకట్రామయ్యగారి మాటకు ఎదురు చెప్పేవాడు లేడు. అలాంటి మనిషి ఏమంటాడోనని నాకు భయం వేసింది. వెంకట్రామయ్యగారు కాసేపు మస్తాన్‌గారి మొహంలోకి చూసి, రెండు చేతులూ జోడించాడు.

"మేస్టారూ, సరిచెయ్యండి."

మస్తాన్‌గారు ఎదురుగా ఉన్న బల్ల దగ్గరికి వచ్చారు. అలవాటుగా కుడిచెయ్యి బల్ల మీద పెట్టారు. వేళ్లు కదల్లేదు. ఆ చెయ్యివైపు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు ఏడుపొచ్చింది ఆయనకు. పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఏడవని మనిషి, అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పక్కనున్నవాళ్లు, "ఊరుకోండి మేస్టారూ, చేతిదేముంది, ప్రాణం దక్కింది కదా" అని ఓదార్చబోయారు. నేను వద్దని సైగ చేశాను. బాపట్ల కుమారి నాకు నేర్పిన పాఠం అక్కడ పనికొచ్చింది. ఆయనకు పోయింది చెయ్యే. దాని కోసం ఏడవాల్సిందే.

ఏడుపు ఆగాక ముక్కు తుడుచుకుని, ఎడమచేత్తో బల్ల మీద తాళం వేస్తూ, "ఊఁ, మొదటి పాదం అనండి" అన్నారు.

పద్యాలు కుదిరాయి

మరుసటి శుక్రవారం వెంకట్రామయ్యగారు తన అటక మీద నుంచి పాత హార్మోనియం దింపి మోసుకొచ్చాడు. మస్తాన్‌గారు దాన్ని ముట్టుకోలేదు. ఒంటి చేత్తో వాయించి జాలి పడే చప్పట్లు కొట్టించుకోనన్నారు. ఆ తర్వాత కూడా ఎన్నడూ వేదిక మీద వాయించలేదు. కథల్లో అయితే వేళ్లు వంగుతాయి. మస్తాన్‌గారి వేళ్లు వంగలేదు.

కానీ పద్యాలు మాత్రం కుదిరాయి. వెంకట్రామయ్యగారు కారులో రేపల్లె వెళ్లి ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని పాడేవాడు. పాత నటులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎవరు శ్రుతి తప్పినా మేస్టారు వదిలిపెట్టేవారు కాదు. ఒకసారి నేను వెంకట్రామయ్యగారిని అడిగాను, "ఆయన అంత కోప్పడుతుంటే మీకు బాధనిపించదా?" అని.

"లేదమ్మా. ఇన్నేళ్లుగా నేను పాడితే అందరూ బాగుందన్నవాళ్లే. మా ఇంట్లో పెళ్లిలో పాడినా, గుళ్లో పాడినా. అసలు బాగుందో లేదో ఒక్కళ్లూ చెప్పలేదు. ఈయన నన్ను నిజంగా వింటున్నాడు" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి తెనాలిలో వాళ్లు నాటకం వేశారు. మా డాక్టరుగారు ముందు వరసలో కూర్చున్నారు. విరామంలో తెర వెనక్కి వెళ్లి చూస్తే మస్తాన్‌గారు రాజుగారి కిరీటం సర్దుతూనే తిడుతున్నారు, రాజుగారు వినయంగా తలూపుతున్నారు. డాక్టరుగారు బయటికొచ్చి నాతో అన్నారు.

"సుఖంగా ఉన్నారంటావా వీళ్లిద్దరూ?"

"సుఖమో కాదో తెలీదండి. బాగా బతుకుతున్నారు."

ఆయన తలూపారు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఆయన అడిగే ప్రశ్నలకు నాలుగోది చేరింది. "పొద్దున్నే లేచి దేనికోసం ఎదురుచూస్తున్నావు?" దానికి జవాబు రాకపోతే, "పద్మజమ్మ దగ్గరికెళ్లు" అనేవారు.

వచ్చేవాళ్లకు నాలుగు మాటలు

పాజిటివ్ సైకాలజీ ఇప్పుడు బాగా చెలామణీలో ఉంది. ఆఫీసుల్లో క్లాసులు పెడుతున్నారు, ఫోన్లలో యాప్‌లు పెట్టుకుంటున్నారు. అందులో సరుకు ఉంది, తాలు కూడా ఉంది. నేను చెప్పగలిగింది కొంచెమే. ముందు జబ్బు చూడండి. జబ్బున్న మనిషికి మందు ఇప్పించకుండా మంచి జీవితం గురించి పాఠం చెప్పడం పాపం. జబ్బు తగ్గాక ఫైలు మూసెయ్యకండి. మనిషి దేనికి నవ్వుతాడో అడిగితే చాలామంది మర్యాద జవాబు చెబుతారు. దేనికి కోపం వస్తుందో కూడా కనిపెట్టండి. ఇష్టం లేనిదాని మీద ఎవరికీ అంత కోపం రాదు. మంచి జీవితం అంటే ఏమిటో రోగికి మీరు చెప్పకండి. మస్తాన్‌గారు దాన్ని సుకూన్, అంటే మనశ్శాంతి, అనేవారు, వెంకట్రామయ్యగారు తృప్తి అనేవాడు, కుమారి ఏ పేరూ పెట్టలేదు. ముగ్గురివీ మూడు దారులు. నేను చేసిందల్లా దారిలో కాసేపు పక్కన నడవడం.

ఈ పనిలో దండలూ శాలువాలూ తక్కువ. బాగైనవాళ్లు మనల్ని మర్చిపోవాలనుకుంటారు. నరాల ఆసుపత్రి మేడమ్‌ని బజార్లో పలకరిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని తల తిప్పుకుని పోతారు. మొదట్లో నాకు చివుక్కుమనేది. తర్వాత అలవాటైంది. ఆపైన అదే నాకు ఇష్టమైంది.

రిటైరవడానికి కొద్దిరోజుల ముందు ఒక గురువారం రేపల్లె పాసింజరులో సాయంత్రం తిరిగి వస్తున్నాను. పెట్టె మొదట్లో మస్తాన్‌గారు కనిపించారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, అత్తరు వాసన. పక్కన ఇద్దరు నటులు, ఒళ్లో ప్లాస్టిక్ సంచి. ఏదో పద్యం గురించి వాదించుకుంటున్నారు. వెళ్లి పలకరిద్దామని లేచాను. అంతలో భట్టిప్రోలు వచ్చింది.

నన్ను చూశారు. "అరె, అమ్మా! బాగున్నారా? రిహార్సల్‌కి వెళ్తున్నామండి, వాళ్లంతా వచ్చేసి కూర్చునుంటారు. మళ్లీ కలుద్దామండి" అంటూనే దిగిపోయారు. ప్లాట్‌ఫారమ్ మీద ఎడమచెయ్యి ఊపుతూ పక్కవాళ్లకి ఏదో గట్టిగా చెబుతూ గేటువైపు నడిచారు. బండి కదిలేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.